వాల్తేరు గేటు దగ్గర ఆగిపోయే కథలు

నా మొదటి నవలలో కథానాయిక ఆడపడుచుని చివరి ప్రకరణంలో వాల్తేరు పంపించేసేను. ఆ పని చెయ్యడానికి నాకు నాలుగు వాక్యాలు పట్టింది. టాక్సీ గేటు ముందు ఆగడం, ఆ పిల్ల వెనక్కి తిరిగి అన్నగారి వంక చూసి నవ్వడం, లోపలి చీకట్లో ఆమె తెల్లచీర కలిసిపోవడం, గేటు మూసుకోవడం. అంతే. సీరియల్‌గా వస్తున్న రోజుల్లో ఆ ఆఖరి వారానికి ఉత్తరాలు, ఫోన్లు బాగా వచ్చేయి. "కళ్ళు చెమర్చేయండీ" అన్నారు. నేనూ పొంగిపోయేను. ఆడపడుచు పీడ వదిలింది, నాయిక కాపురం నిలబడింది, నవలా ముగిసింది.

కిందటేడు ఇక్కడ ఒక మహిళా మండలివారు పిలిస్తే ఆ నవల గురించి మాట్లాడటానికి వెళ్ళేను. సభ అయ్యేక, ఇడ్లీ ప్లేట్లు అందిస్తున్న హడావిడిలో, డెబ్భై దాటిన పెద్దావిడ ఒకరు నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మీ నవల చదివేనమ్మా. ఆ పిల్ల తర్వాత ఏమైంది?"

"ఏ పిల్లండీ?" అన్నాను. చూడండి నా తెలివి!

"అదే, వాల్తేరు పంపించేరు కదా."

"అక్కడితో కథ అయిపోయింది కదండీ పిన్నిగారూ."

ఆవిడ ఇడ్లీ తుంపుతున్నదల్లా ఆగి, "మా చెల్లెలు అక్కడ పదకొండేళ్ళు ఉందమ్మా. అయిపోలేదు" అన్నారు.

నా రచనల మీద వచ్చిన విమర్శల్లో అంత చిన్నది, అంత సూటిది మరొకటి లేదు. సమీక్షకులు శైలి గురించి రాసేరు, పాత్రపోషణ గురించి రాసేరు, సంభాషణల్లో ఉత్తరాంధ్ర యాస బాగా పలికిందన్నారు. ఒక మనిషిని గేటు లోపలికి తోసి నేను చేతులు దులుపుకున్నానని మాత్రం ఎవరూ రాయలేదు. ఎందుకు రాస్తారు? వాళ్ళకీ, నాకూ, మనందరికీ వాల్తేరంటే కథ అయిపోయే చోటు.

మా నాన్నగారు స్టీల్ ప్లాంటులో పనిచేసేవారు. 1992లో ప్లాంటుని జాతికి అంకితం చేసేనాటికి నేను ఉక్కునగరం క్వార్టర్ల పిల్లని. క్లాసులో ఎవరైనా తలతిక్కగా మాట్లాడితే "వీణ్ణి వాల్తేరు బస్సెక్కించండ్రా" అనేవాళ్ళం. పనులతో విసిగిపోయిన అమ్మలు "మీరంతా కలిసి నన్ను వాల్తేరు పంపించేస్తారు" అనేవారు. ఇది నవ్వులాట. కొన్నిళ్ళలో నవ్వులాట కాకుండా కూడా అదే మాట వినిపించేది, గోడ అవతలనించి, మగగొంతుతో. "ఎక్కువ మాట్లాడేవంటే తీసుకెళ్ళి వాల్తేరులో పడేస్తాను." హైదరాబాదు వాళ్ళకి ఎర్రగడ్డ, మద్రాసు వాళ్ళకి కీల్పాక్, ఉత్తరాది వాళ్ళకి ఆగ్రా, రాంచీ. ప్రతి భాషకీ ఒక ఊరు కావలసి వచ్చింది కాబోలు. పాపం వాల్తేరు! యూనివర్సిటీ ఉన్నదీ అక్కడే, చక్కటి సముద్రమూ అక్కడే, చాలాకాలం మన రైల్వే స్టేషను పేరూ అదే. అయినా సామెత మాత్రం ఆసుపత్రికే దక్కింది.

ఆ ఆసుపత్రి ఈనాటిది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, పందొమ్మిదో శతాబ్దంలోనే, మద్రాసు, కాలికట్టులతో బాటు విశాఖపట్నంలోనూ పిచ్చాసుపత్రి పెట్టేరు. అంటే మన ఆంధ్రా యూనివర్సిటీ (1926) కంటె, హార్బరు (1933) కంటె పెద్దది వయసులో. ఇప్పుడు దాని పేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల. 2014లో రాష్ట్రం విడిపోయి ఎర్రగడ్డ అటు వెళ్ళేక ఈ పక్కవాళ్ళకి ఇదే పెద్ద దిక్కయింది. అంత పాత చోటు, అన్ని తరాల మనుషులు అన్నేళ్ళు బతికిన చోటు, మన కథల్లో ఎలా ఉందో చూద్దామని, ఆ పెద్దావిడ మాట తర్వాత, ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేసేను. పాత సినిమాలూ చూసేను.

ముందు సినిమా సంగతి. 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది'. బుచ్చిబాబుగారి నవలకీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. మూలం ఆశుతోష్ ముఖోపాధ్యాయ్ బెంగాలీ కథ. బెంగాలీలో 1959లో సుచిత్రాసేన్, హిందీలో 1969లో 'ఖామోషీ'గా వహీదా రెహమాన్, తెలుగులో గుత్తా రామినీడుగారి దర్శకత్వంలో మన సావిత్రి. కథ మీకు తెలిసే ఉంటుంది. పిచ్చాసుపత్రిలో నర్సు. ప్రేమలో దెబ్బతిని మతి చలించిన మగవాడికి ప్రేమే మందు అని డాక్టరుగారి సిద్ధాంతం. ఆ ప్రేమని నటించమని ఈ అమ్మాయిని నియమిస్తారు. రోగికి నయమై వెళ్ళిపోతాడు. నటన అనుకున్నది నటన కాక, ఆఖరికి ఆ అమ్మాయే ఆ ఆసుపత్రిలో రోగి అవుతుంది.

మా అమ్మా నేనూ కూర్చుని ఫోనులో యూట్యూబ్ పెట్టుకుని చూసేం. సావిత్రి గురించి కొత్తగా చెప్పేదేముంది? ఆ ముఖం మీద ఒక భావం వెళ్ళి ఇంకొకటి వచ్చేలోపల ఉండే ఖాళీ కూడా ఆవిడ నటించగలదు. నేను ఏడ్చేను. అమ్మ ఏడవలేదు. కళ్ళజోడు తుడుచుకుని, "దీనికింత సినిమా ఎందుకే, మన సామెతే కదా" అంది.

ఏ సామెత అంటారా? 'పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు.'

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నిజమే! నర్సు బట్టలు, డాక్టరు కళ్ళద్దాలు, పెద్ద పెద్ద మాటలు తీసేస్తే మిగిలేది అదే. మగవాడికి మతి పోతే ఆడదాన్ని మందుగా పట్టించడం. మన ఊళ్ళల్లో ఎంతమంది పిల్లల మెడలో ఈ సామెతే తాళి కట్టింది? "పెళ్ళయితే అదే సర్దుకుంటుందండీ" అని దాచిపెట్టి చేసిన పెళ్ళిళ్ళు ఎన్ని? ఆ పిల్ల విరిగిపోతే ఆవిడకి మందెవరు? సినిమా ఆ ప్రశ్న దగ్గరదాకా ధైర్యంగా వచ్చింది, అది ఒప్పుకోవాలి. నర్సుని రోగిని చేసి చూపించడం ఆ రోజుల్లో సామాన్యమైన సంగతి కాదు. కాని, వచ్చి, అక్కడ ఆగిపోయింది. మర్నాడు పొద్దున్న ఆ అమ్మాయికి పళ్ళు తోముకోడానికి వేపపుల్ల ఎవరిచ్చేరు? మొదటి ఆదివారం చూడ్డానికెవరొచ్చేరు? తెర పడిపోయింది.

ఇంకో సినిమా 'శేషు', 2002. తమిళ 'సేతు' (1999)కి మనవాళ్ళ రూపం. తలకి దెబ్బ తగిలిన కుర్రవాణ్ణి గొలుసులతో కట్టి ఉంచే ఆశ్రమంలో చేరుస్తారు. వాడు బాగుపడి తిరిగివచ్చేసరికి ప్రేమించిన పిల్ల చచ్చిపోయి ఉంటుంది. తిన్నగా వెనక్కి ఆ ఆశ్రమానికే వెళ్ళిపోతాడు. హాల్లో జనం ఆ గొలుసుల్ని చూసి ప్రేమ ఎంత గొప్పదో అనుకున్నారు. ఆ తమిళ సినిమాకీ మన సినిమాకీ మధ్య, 2001 ఆగస్టు 6న, తమిళనాడులో ఎర్వాడి దర్గా దగ్గర ఇలాంటి ఒక షెడ్డుకి నిప్పంటుకుని 28 మంది కాలిపోయేరు. పరుగెత్తలేకపోయేరు, కాళ్ళకి గొలుసులున్నాయి. దేశమంతా నిర్ఘాంతపోయింది, సుప్రీం కోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. మరుసటేడు మన సినిమాలో గొలుసులు మళ్ళీ ప్రేమకి గుర్తుగానే వచ్చేయి. ఆ సినిమా తీసినవాళ్ళని అనడం లేదు నేను. నా నవలలో తెల్లచీరా అంతే కదా! చూడ్డానికి బాగుంటుందని వేసేను.

నవలల దగ్గరికొస్తే మనకి తక్కువేం లేదు. మనసు లోపలికి తెలుగు నవల వెళ్ళినంత లోతుకి వెళ్ళిన భాషలు ఎన్నో ఉండవు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు ఒక్కొక్క మెట్టే దిగుతూ, మతి తప్పుతూ, శ్మశానం దాకా వెళ్ళడం చదివితే ఇప్పటికీ నాకు రెండ్రోజులు అన్నం సయించదు. మన విశాఖపట్నం వీధుల్లోనే రావిశాస్త్రిగారు 'అల్పజీవి' సుబ్బయ్య భయాన్ని నడిపించేరు. బుచ్చిబాబు దయానిధి సంగతి సరేసరి. కాని గమనించేరా, వీళ్ళందరి మనసూ చెదురుతుంది, మంచం మాత్రం ఇంట్లోనే, లేకపోతే రోడ్డు మీదే. ఎవరికీ ఓపీ చీటీ రాయించరు. ఎవరికీ వార్డు నంబరు లేదు. మనసుని అంత బాగా తవ్వినవాళ్ళు మనసుకి వైద్యం చేసే ఇంటి తలుపు తట్టిన సందర్భం, నేను చదివినంతలో, నాకు కనబడలేదు.

మరి మన ఆడవాళ్ళ సీరియళ్ళు? అక్కడ వాల్తేరు ఉంది, ఉండవలసినదానికంటె ఎక్కువగానే ఉంది. నాయకుడి మొదటి భార్య అడ్డు. చంపితే నాయకుడికి మచ్చ, విడాకులిప్పిస్తే నాయికకి మచ్చ. కాబట్టి ఆవిడకి పిచ్చెక్కుతుంది. ఈ ఉపాయం మనం కనిపెట్టింది కూడా కాదు. నేను బి.ఏ.లో చదువుకున్న 'జేన్ ఎయిర్' (1847)లో రోచెస్టర్ భార్యని మేడ మీద గదిలో పెట్టి తాళం వేస్తాడు, చివరికి ఆవిడ ఇల్లు తగలబెట్టి తనూ చచ్చిపోయి జేన్‌కి దారి ఇస్తుంది. నూట పంతొమ్మిదేళ్ళ తర్వాత, 1966లో, జీన్ రీస్ అనే ఆవిడ 'వైడ్ సర్గాసో సీ' అని నవల రాసి, ఆ మేడమీది మనిషికి ఒక చిన్నతనం, ఒక ఊరు, ఒక గొంతు ఇచ్చింది. జేన్ అంటే పడిచచ్చే నాబోటివాళ్ళకి అది చదివేక జేన్ మీద ప్రేమ పోదు, కాని మేడ మీద అడుగుల చప్పుడు మాత్రం ఇక ఆగదు.

లోపలినుంచి రాసినవాళ్ళు లేకపోలేదు. న్యూజీలాండ్ రచయిత్రి జానెట్ ఫ్రేమ్ ఇరవై దాటిన వయసులో ఆసుపత్రి పాలై, వస్తూ పోతూ ఎనిమిదేళ్ళ దాకా గడిపింది. స్కిజోఫ్రీనియా అన్నారు. మెదడుకి ఆపరేషను చేసి 'మామూలు మనిషి'ని చేద్దామని నిర్ణయించేరు కూడా. ఈలోగా ఆవిడ కథల పుస్తకానికి సాహిత్య బహుమతి వచ్చినట్టు పేపర్లో పడింది. అది చూసి పెద్ద డాక్టరు ఆపరేషను మాన్పించేడు. ఆ తర్వాత లండన్ డాక్టర్లు ఆవిడకి అసలు ఆ జబ్బే లేదన్నారు. 1961లో 'ఫేసెస్ ఇన్ ది వాటర్' నవల రాసింది. ఆ పుస్తకంలో నన్ను కదిపింది షాకుల సంగతి కూడా కాదు. రోజు పేరు మర్చిపోకుండా ఉండటానికి మనిషి పడే పాట్లు. బహుమతి రాని పక్క మంచం ఆవిడ మాటేమిటి అని కూడా నాకు తోచింది. ఆవిడ కథలు రాయదు కదా!

ఇంటివాళ్ళ వైపునించి రాసిన పుస్తకమంటే జెర్రీ పింటో 'ఎమ్ అండ్ ది బిగ్ హూమ్' (2012) చెప్పాలి. బొంబాయిలో చిన్న ఇల్లు, తల్లికి జబ్బు, తండ్రి, ఇద్దరు పిల్లలు. తల్లిని ఎప్పటికప్పుడు జె.జె. ఆసుపత్రి ముప్ఫై మూడో వార్డుకి తీసికెళ్ళాల్సి వస్తూంటుంది. ఆ తల్లి ఎంత సరదా మనిషో, నోటికొచ్చినట్టు ఎంత మాటంటుందో! పిల్లవాడికి ఆవిడంటే ప్రాణం. ఆవిడ ఆసుపత్రిలో ఉన్న రోజులు హాయిగానూ ఉంటాయి, ఆ హాయి అనిపించినందుకు సిగ్గుగానూ ఉంటుంది. ఈ రెండో సంగతి రాయడానికి గుండె ఉండాలి. మన అభ్యుదయ కథల్లో రోగి ఇంటివాళ్ళెప్పుడూ రాక్షసులే. రాత్రి మూడింటికి లేచి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసుకునే తల్లి, కత్తిపీట బీరువాలో పెట్టి తాళం వేసుకునే వదిన, మాత్రలు నాలిక కింద దాచిందేమోనని నోరు తెరిపించి చూసే చెల్లెలు, వీళ్ళని రాక్షసులంటే సులువుగా తేలిపోతుంది. రాయడం అంత సులువుగా తేలకూడదు.

ఇంతకీ ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళేను. మూడుసార్లు వెళ్ళేను. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను, రాయొద్దన్నారు. వాళ్ళ సంగతి రాయడానికి మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు.

పుట్టిల్లు అనకాపల్లి. చెల్లెలికి పెళ్ళయిన మూడో ఏట జబ్బు చేసింది. గోడల్లోంచి ఎవరో పిలుస్తున్నారనేదట. అత్తవారు తీసుకొచ్చి వరండాలో దింపి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయేరు. భూతవైద్యుడయ్యేడు, సింహాచలం మొక్కయింది, ఆర్నెల్ల తర్వాత 1989లో తండ్రి వాల్తేరు తీసుకెళ్ళి చేర్పించేరు.

"మొదటి నెల ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళమమ్మా, కేరేజీలో పులిహోర పట్టుకుని. ఏడాది తిరిగేసరికి పండక్కీ పబ్బానికీ. ఆ తర్వాత నాన్నగారొక్కరే. ఆయన ఏమీ మాట్లాడేవారు కాదు. వచ్చి కాళ్ళు కడుక్కుని, 'బాగానే ఉంది' అనేవారు."

1992లో ఆసుపత్రినుంచి ఉత్తరం వచ్చింది. నిలకడగా ఉంది, మందులు ఇంటి దగ్గర వేసుకోవచ్చు, వచ్చి తీసుకెళ్ళండి అని.

జబ్బు మూడేళ్ళది. మిగతా ఎనిమిదేళ్ళు ఎక్కడివి? పెద్దావిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టేరు. తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారు, పెళ్ళయ్యేక తీసుకొద్దామన్నారు. పెళ్ళయింది. కొత్త కోడలు, ఏమనుకుంటుందో. కోడలికి నెల తప్పింది, ఇప్పుడొద్దు. పురిటి పిల్లతో ఉండగా వద్దు. తండ్రికి పక్షవాతం. తండ్రి పోయేరు. ఆ తర్వాత పెద్దావిడ కూతురికి పెళ్ళిచూపులు. "మగపెళ్ళివారు మీకెంతమంది తోబుట్టువులని అడిగేరమ్మా. తమ్ముడొక్కడే అన్నాను." ఒక్కటంటే ఒక్క కారణం కూడా పెద్దది కాదు. విడివిడిగా చూస్తే ఏ ఇంట్లోనైనా చెప్పుకునేవే. మధ్యలో ఒకసారి ఇల్లు మారేరు. ఆసుపత్రికి కొత్త అడ్రసు రాయలేదు.

"మర్చిపోయి కాదమ్మా" అన్నారావిడ.

అనకాపల్లినించి వాల్తేరుకి బస్సులో గంటన్నర.

ఇదెక్కడో ఒకరింట్లో జరిగిన సంగతి అనుకోడానికి లేదు. 2019లో దేశంలోని 43 ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఉన్నవాళ్ళని పరిశీలించిన అధ్యయనం వచ్చింది. లోపలున్నవాళ్ళలో మూడో వంతుకి పైగా ఏడాది దాటి అక్కడే ఉంటున్నవాళ్ళు, అలా ఉండిపోయినవాళ్ళలో సగం కంటె ఎక్కువ ఆడవాళ్ళు. మగవాడికి జబ్బు నయమైతే భార్యో తల్లో వస్తుంది. ఆడదానికి నయమైతే ఎవరు రావాలో తేలదు. భర్తకి వేరే పెళ్ళయి ఉంటుంది. తండ్రి ఇల్లు తమ్ముడి ఇల్లయి ఉంటుంది.

ఇంటివాళ్ళని రోగికి దూరం చెయ్యకుండా వైద్యం చెయ్యలేమా అంటే, చేసినవాళ్ళున్నారు. 1950లలో అమృత్‌సర్ ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ అనే ఆయన ఆవరణలో డేరాలు వేయించి, రోగితో బాటు ఇంటివాళ్ళనీ ఉండమన్నారు. వాళ్ళే వండిపెట్టుకునేవారు, జబ్బేమిటో ఆయన నోటే వినేవారు, కలిసి ఇంటికి వెళ్ళేవారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవాళ్ళు 1957లో మొదలుపెట్టిన మానసిక వైద్య కేంద్రంలోనూ మనిషి తోడు ఉండాలన్నదే పద్ధతి. ఎంత పెద్ద నవలకి సరిపోయే సరుకండీ ఆ డేరాల్లో! రెండు పొయ్యిలు, ఇద్దరు అత్తగార్లు, మధ్యలో గోడల గొంతులు వినే కోడలు.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నేను మొదటిసారి నవలలాగే చదివేను, ఒక్క రాత్రిలో. 1912 నాటి చట్టం పేరులోనే పిచ్చి అన్న మాట ఉండేది. అది పోయి 1987 చట్టం, దాని స్థానంలో ఇది. ఇంటివాళ్ళు లేరనో, ఉన్నా తీసుకుపోవడం లేదనో, ఉండటానికి ఇల్లు లేదనో మాత్రమే ఎవర్నీ ఆసుపత్రిలో ఉంచెయ్యకూడదని రాసేరు అందులో. బలవంతంగా గుండు చెయ్యకూడదు. యూనిఫారం కట్టి తీరాలనకూడదు, ఇష్టమైతే ఎవరి బట్టలు వాళ్ళు కట్టుకోవచ్చు. నెలసరికి కావలసినవి ఇవ్వాలి. మూడేళ్ళ లోపు పిల్లని తల్లినించి మామూలుగా విడదీయకూడదు. ఇవన్నీ చట్టంలో రాయాల్సి వచ్చేయంటే, ఏ రచయిత్రీ రాయని కథలు ఆ రాసినవాళ్ళెవరో విని ఉంటారు. గుండు మాట చదివి నేను పుస్తకం మూసేసేను. నా నవలలో ఆ ఆడపడుచు జడ గురించి ఒక పేజీ వర్ణన ఉంది.

2000లో పెద్దావిడ భర్త పోయేరు. కూతురి పెళ్ళప్పటికే అయిపోయింది. ఇల్లు ఖాళీ. పదో రోజు వెళ్ళినాక, కొడుకుతో కూడా చెప్పకుండా ఒక్కర్తీ బస్సెక్కి వాల్తేరు వెళ్ళి చెల్లెల్ని తెచ్చుకున్నారు. "ధర్మం కాదమ్మా, నాకు తోడు లేక" అన్నారు. నేనేమీ అనలేదు.

చిన్నావిడ ఇంటికొచ్చిన మొదటి నెలలు ఎలా ఉన్నాయో ఇద్దరూ పోటీ పడి చెప్పేరు, మధ్యలో నవ్వుకుంటూ. సాయంత్రం ఆరయ్యేసరికి చిన్నావిడ కంచం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేది. మంచినీళ్ళకి లేవాలన్నా "వెళ్ళనా?" అని అడిగేది. సబ్బు అరిగిపోయిన ముక్కలన్నీ గుడ్డలో మూట కట్టి దిండు కింద పెట్టుకునేది. స్నానాల గది తలుపు వేసుకోవడం చేతకాలేదు. "గడియ ఎటు తిప్పాలో వేళ్ళు మర్చిపోయేయి" అన్నారు చిన్నావిడ, తన వేళ్ళ వంక తనే ఆశ్చర్యంగా చూసుకుంటూ. అక్కడ తనకి రోజూ తల దువ్విన ఆయా ఒకావిడ ఉండేదట, ఆవిడ మీద బెంగపెట్టుకుని మళ్ళీ ఒకసారి చూసొచ్చిందట కూడా. మాత్రలు మాత్రం పాతికేళ్ళుగా ఒక్క పూట మానలేదు. ఇప్పుడు ఆ వీధిలో పిల్లలకి ముగ్గులు నేర్పేది ఆవిడే.

ఇంతకంటె పెద్ద కథ నేనెప్పుడూ వినలేదు. ఇందులో గొలుసుల్లేవు, ప్రేమికుడు లేడు, గేటు దగ్గర నవ్వూ లేదు. ఒక గడియ ఉంది.

ఆఖరిసారి వెళ్ళినప్పుడు నా నవల చిన్నావిడ చేతిలో ఉంది. గుండె దడదడలాడింది. వచ్చేవారం పరీక్ష ఫలితాలన్నట్టు కూర్చున్నాను.

"బాగా రాసేరమ్మా. కాని లోపల చీకటి అన్నారు. వార్డులో రాత్రంతా దీపాలు తీయరు. నాకు ఇంటికొచ్చేక చీకట్లో నిద్రపట్టక ఏడాది అవస్థ పడ్డాను."

తలూపేను. ప్రచురణకర్త రెండో ముద్రణకి తప్పొప్పులు దిద్ది పంపమన్నాడని చెప్పేను. ఆ చీకటి వాక్యం కొట్టేస్తానన్నాను. ఆ మాటకొస్తే నాలుగు వాక్యాలూ కొట్టేసేను, వాటి చోట ఏం రాయాలో తెలియక ప్రతి నా బల్ల మీదే ఉంది.

"ఇంకొకటమ్మా" అన్నారావిడ. పేజీ మూల మడిచి పెట్టుకున్నారు. "ఆ పిల్ల పెట్టెలో పెళ్ళి చీరలున్నాయని రాసేరు ఇక్కడ. మామిడిపిందెల అంచుదీ, వంగపండు రంగుదీ. ఆ పిల్ల వెళ్ళిపోయేక అవెవరు కట్టుకున్నారు?"

నేను జవాబు వెతుక్కుంటున్నాను. పెద్దావిడ లేచి, కాఫీ కలుపుతానని లోపలికి వెళ్ళేరు. చాలాసేపు రాలేదు.